కుక్కకి టీకా వేద్దామని బయల్దేరి గొర్రెకి వేసొచ్చిన కథ

వీధికుక్కల మీద చర్చ మొదలైతే మనవాళ్ళు వెంటనే రెండు పార్టీలుగా చీలిపోతారు. ఒకళ్ళు "అన్నిటినీ పట్టుకుపోండి" అంటారు, రెండోవాళ్ళు "పాపం మూగజీవాలు" అంటారు. రెండు పక్షాలూ మాట్లాడేది మాత్రం రెండే విషయాలు: కాటు, రేబిస్. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల విషయంలో తన ముందటి ఆదేశాన్ని సవరించింది. పట్టుకున్న కుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, కడుపులో పురుగుల మందు వేసి, టీకా ఇచ్చి, ఎక్కడ పట్టుకున్నారో అక్కడే వదలమంది (రేబిస్ ఉన్నవీ, అనుమానం ఉన్నవీ, మీదపడి కరిచేవీ మినహా). ఈ మూడు పనుల్లో ఆపరేషన్ గురించీ టీకా గురించీ బోలెడు చర్చ జరిగింది. మధ్యలో ఉన్న పురుగుల మందు గురించి ఎవరూ నోరెత్తినట్టు నాకు కనపడలేదు.

నాకు ఆ మధ్యమాట మీదే ఆసక్తి. దాని వెనక 150 ఏళ్ళకి పైబడిన చరిత్ర ఉంది. డాక్టర్లు, గొర్రెల కాపర్లు, ప్రభుత్వాలు, చివరికి మన వక్కలు కూడా అందులో పాత్రధారులే. ఆ కథ ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో తెలిస్తే, మన వీధికుక్కల చర్చలో లేని సగం ఏమిటో అర్థమవుతుంది.

ముందు పురుగు సంగతి. దీని పేరు ఎకైనోకాకస్ గ్రాన్యులోసస్. బద్దెపురుగుల జాతిదే. బద్దెపురుగు అనగానే మూరల కొద్దీ పొడవు అనుకుంటాం, ఇది మాత్రం కొన్ని మిల్లీమీటర్లు, అంతే. కుక్క చిన్నపేగులో వేల సంఖ్యలో ఉన్నా కుక్క శుభ్రంగా తిని తిరుగుతూనే ఉంటుంది. దాని మలంతో పాటు గుడ్లు బయటికొస్తాయి. ఆ గుడ్లు పడిన గడ్డి గొర్రె తింటుంది. గొర్రె పేగులో గుడ్డు చిట్లి, లోపలి పిల్లపురుగు పేగు గోడని తొలుచుకుని రక్తంలోకి దిగి, కాలేయంలోనో ఊపిరితిత్తుల్లోనో స్థిరపడి నీటితిత్తిగా మారుతుంది. దీన్నే హైడాటిడ్ సిస్ట్ అంటారు. ఆ గొర్రెని కోసినప్పుడు తిత్తులున్న కార్జాన్ని కుక్కకి విసిరేస్తారు. చక్రం పూర్తయింది.

ఈ చక్రంలో మనిషి పని ఏమీ లేదు. మనం మధ్యలో పొరపాటున ఇరుక్కుంటాం. కుక్కని నిమిరిన చేతులతో అన్నం తింటే, సరిగ్గా కడగని ఆకుకూర తింటే, ఆ గుడ్డు మన కడుపులోకి పోతుంది. దానికి మనమూ గొర్రే ఒకటే. చిన్నప్పుడు పట్టిన తిత్తి మెల్లిగా పెరుగుతూ, ముప్ఫై నలభై ఏళ్ళ వయసులో స్కానింగులో బయటపడొచ్చు. అప్పటికది కొబ్బరికాయంత అయినా ఆశ్చర్యం లేదు. లోపల పగిలితే ఆ నీటికి శరీరం ఒక్కసారిగా తిరగబడి ప్రాణమే పోవచ్చు. ఆల్బెండజోల్ మాత్రలున్నాయి, సూదితో నీరు తీసే పద్ధతి ఉంది, చాలామందికి ఆపరేషనే గతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏ సమయంలో చూసినా ఈ జాతి పురుగుల జబ్బులతో బాధపడేవాళ్ళు పది లక్షలకి పైనే.

ఇదెక్కడో చలిదేశాల గొడవ అనుకునేరు. కర్నూలులో ఈ జబ్బు ఎలా వ్యాపిస్తోందో అక్కడి డాక్టర్లు పరిశీలించి రాసిన వ్యాసం 1968లోనే ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వచ్చింది. మన దేశంలో ఈ జబ్బు ఎక్కువున్న ప్రాంతాల జాబితా వైద్య వ్యాసాల్లో ఎప్పుడొచ్చినా ఆంధ్రప్రదేశ్ పేరు తప్పకుండా ఉంటుంది.

ఇక చరిత్రలోకి. కుక్క పేగులో పురుగూ, గొర్రె కార్జంలో తిత్తీ ఒకటే ప్రాణి అని 1850ల దాకా ఎవరికీ తెలీదు. జర్మనీలో ఫాన్ సీబోల్డ్ అనే శాస్త్రవేత్త జంతువుల్లోని తిత్తుల్ని కుక్కలకి తినిపించి, వాటి పేగుల్లో బద్దెపురుగులు పెరగడం చూపించాడు. మనిషిలో పెరిగే తిత్తి కూడా అదేనని 1863లో తేలింది. సరిగ్గా అదే సంవత్సరం హరాల్డ్ క్రాబ్బె అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ఐస్‌లాండ్‌కి వెళ్ళాడు. అప్పటి ఐస్‌లాండ్‌లో ఈ జబ్బు ఇంటింటి వ్యవహారం. ఆయన అక్కడ 100 కుక్కల్ని కోసి చూశాడు. 28 కుక్కల్లో ఈ పురుగు ఉంది.

క్రాబ్బె తర్వాత చేసిన పని నాకు చాలా నచ్చింది. పెద్ద గ్రంథం రాసి అకాడమీలో సమర్పించి చేతులు దులుపుకోలేదు. ఐస్‌లాండిక్ భాషలోనే ఒక చిన్న పుస్తకం తయారుచేయించారు. 1864లో దాన్ని ఊరూరా ఉచితంగా పంచారు. పురుగు ఎలా తిరుగుతోంది, కార్జం కుక్కకి ఎందుకు వెయ్యకూడదు, తిత్తుల్ని ఎందుకు కాల్చాలి లేదా పాతిపెట్టాలి - అంతే. అప్పటికే అక్కడ చదువు రానివాళ్ళు తక్కువ, చలికాలం రాత్రుళ్ళు పొడుగు. జనం చదివారు. తర్వాత 1869లో, 1890లో చట్టాలొచ్చాయి. కుక్కల మీద పన్ను వేశారు, కుక్కలకి మందు పట్టించడం తప్పనిసరి చేశారు. దానికి తోడు గొర్రెల పెంపకం తీరు కూడా మారింది. ముసలి గొర్రెల బదులు లేత పిల్లల్ని కోయడం పెరిగింది. తిత్తి ముదరడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి లేత గొర్రె కార్జం తిన్నా కుక్కకి పురుగు రాదు. ఇవన్నీ కలిసి రెండు మూడు తరాల్లో ఐస్‌లాండ్ ఈ జబ్బుని వదిలించుకుంది.

అయితే భయం జబ్బుకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. రాజధాని రేక్యావిక్‌లో 1924లో కుక్కల్ని పెంచడమే నిషేధించారు. ఆ నిషేధం సడలించింది 1984లో. అరవై ఏళ్ళు! "అన్నిటినీ పట్టుకుపోండి" పార్టీ అప్పట్లోనే ఉందన్నమాట. కాకపోతే వాళ్ళు కుక్కల్ని తీసేసి ఊరుకోలేదు, కార్జం సంగతి అంతకు ముందే చూసుకున్నారు.

రెండో ఘట్టం న్యూజిలాండ్. కోట్ల గొర్రెలు, ప్రతి ఫారానికీ నాలుగైదు కాపలా కుక్కలు, ఇంటి అవసరానికి గొర్రెని కోస్తే పేగులూ కార్జం కుక్కలకే. డునెడిన్‌లో సర్జన్‌గా పనిచేసిన లూయీ బార్నెట్ తన జీవితంలో పెద్ద భాగం ఈ జబ్బు మీద ప్రచారానికే పెట్టాడు. కుక్కలకి పట్టించిన మందు పేరు అరికోలిన్. ఇదేంటో తెలుసా? మనం తాంబూలంలో నమిలే వక్కలో ఉండే పదార్థమే. కుక్కకి ఇస్తే పురుగులు పేగు గోడని పట్టుకోలేక వదిలేస్తాయి, విరేచనంతో బయటికొచ్చేస్తాయి. పురుగులు చచ్చిపోవు, గుడ్లు అసలే చావవు. పైగా కుక్క గంటసేపు నానా యాతన పడుతుంది.

మొదట్లో మాత్రలు రైతుల చేతికిచ్చి "మీరే వేసుకోండి" అన్నారు. ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. తను పెంచుకున్న కుక్కని తన చేత్తో అంత హింస పెట్టడానికి ఎవరికి మనసొప్పుతుంది? సగం మాత్రలు అలమారాల్లోనే ఉండిపోయి ఉంటాయి. చివరికి 1959లో చట్టం చేసి జాతీయ హైడాటిడ్స్ కౌన్సిల్‌ని పెట్టారు. అధికారులే ఊరూరా తిరిగి, కుక్కల్ని ఒకచోట వరసగా కట్టించి, తమ ఎదురుగా మందు పట్టించి, బయటికొచ్చినదాన్ని పరీక్షించేవారు. తర్వాత 1970ల్లో ప్రాజిక్వాంటెల్ వచ్చింది. ఒక్క మోతాదుతో పేగులో పురుగులన్నీ చస్తాయి, కుక్కకి యాతన ఉండదు. న్యూజిలాండ్ ఈ జబ్బు తమ దేశంలో లేదని తాత్కాలికంగా ప్రకటించుకున్నది 2002లో. ఆస్ట్రేలియా రాష్ట్రం టాస్మేనియా 1960ల్లో మొదలుపెట్టి 1996లో ఆ మాట అనగలిగింది. లెక్క చూసుకోండి, మూడు నాలుగు దశాబ్దాలు. అవి కూడా ద్వీపాలు, బయటినుంచి కుక్క నడిచి రావడం కుదరని చోట్లు.

ఎందుకంత ఆలస్యం? ప్రాజిక్వాంటెల్ అంత బాగా పనిచేస్తే ఇన్నేళ్ళెందుకు? ఇక్కడే అసలు కిటుకు ఉంది. మందు పనిచేసేది వేసిన రోజున కడుపులో ఉన్న పురుగుల మీద మాత్రమే. మర్నాడు ఆ కుక్క ఇంకో తిత్తి తింటే ఇంకో పంట మొదలు. ఆ కొత్త పురుగులు ఎదిగి గుడ్లు పెట్టడానికి దాదాపు ఆరేడు వారాలు పడుతుంది. అందుకే కుక్కలకి ఆరు వారాలకోసారి మందు వెయ్యాలన్న లెక్క వచ్చింది. ప్రతి కుక్కకీ, ఏళ్ళ తరబడి, ఒక్కటి కూడా తప్పకుండా. మన భాషలో చెప్పాలంటే ఇది బగ్ ఫిక్స్ కాదు, ఆరు వారాలకోసారి సర్వర్ రీస్టార్ట్ చెయ్యడం.

రీస్టార్ట్ మానేస్తే ఏమవుతుందో బ్రిటన్‌లోని వేల్స్ చూపించింది. అక్కడ పోవిస్ ప్రాంతం దక్షిణ భాగంలో 1983 నుంచి 1989 దాకా ఆరు వారాలకోసారి అధికారుల ఎదుటే కుక్కలకి మందు వేశారు. బాగా తగ్గింది. తగ్గింది కదా అని ఆపేసి, ఇకమీదట ప్రచారం చాలన్నారు. తర్వాతి సర్వేల్లో కుక్కల్లో పురుగు మళ్ళీ కనపడింది. ఆ గొర్రెల కడుపుల్లో తిత్తులు ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి కదా, పురుగుకి తొందరేముంది?

దీన్నుంచే టీకా ఆశ పుట్టింది. రేబిస్ టీకా ఒకసారి వేస్తే ఏడాదికి తక్కువ కాకుండా కాపాడుతుంది. అలాంటిదే ఈ పురుగుకీ ఉంటే ఆరు వారాల గొడవ తీరిపోతుంది. ఆశ కొత్తదేం కాదు. బీరుట్‌లోని అమెరికన్ విశ్వవిద్యాలయంలో టర్నర్, బెర్బేరియన్, డెన్నిస్ అనే ముగ్గురు 1930ల్లోనే తిత్తుల సారంతో కుక్కలకి టీకా వేసి చూశారు. న్యూజిలాండ్‌లో మైకేల్ గెమ్మెల్ 1960ల మొదట్లో ప్రయత్నించాడు. 2006లో చైనా, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు పురుగు ప్రొటీన్లతో చేసిన టీకా కుక్కల్లో పురుగుల ఎదుగుదలనీ గుడ్లనీ దాదాపు పూర్తిగా ఆపిందని ప్రచురించారు. 2008లో నోటిద్వారా ఇచ్చే టీకా ఫలితాలొచ్చాయి. అప్పుడు పాల్ టోర్గర్సన్ అనే శాస్త్రవేత్త 2009లో గట్టి ప్రశ్నలే వేశాడు. కుక్కల సంఖ్య బాగా తక్కువ, కుక్కకీ కుక్కకీ పురుగుల సంఖ్యలో తేడా విపరీతం, ఇంత చిన్న నమూనాతో టీకా పనిచేసిందని ఎలా అంటారని. కుక్కలకి ఇంటింటా వాడుకలో ఉన్న టీకా ఇప్పటికీ లేదు.

ఎందుకు కుదరట్లేదో ఆలోచిస్తే తెలుస్తుంది. కుక్కలో ఈ పురుగు పేగు లోపలే, అంటే ఒకరకంగా శరీరానికి బయటే కూర్చుంటుంది. రక్తంలోని సైన్యం అక్కడిదాకా సరిగ్గా చేరదు. కుక్క శరీరం దాన్ని పెద్ద శత్రువుగా కూడా చూడదు. కానీ గొర్రె విషయంలో? పిల్లపురుగు పేగు గోడ తొలుచుకుని నేరుగా రక్తంలోకే దిగాలి. ఆ కొద్ది సమయంలో అది ఒంటరి, ఒంటి మీద కవచం కూడా ఇంకా తయారుకాలేదు. రక్తంలో యాంటీబాడీలు ముందే సిద్ధంగా ఉంటే అక్కడికక్కడే చస్తుంది. పురుగు జీవితం మొత్తంలో దాని పీక మన చేతికి దొరికేది ఆ ఒక్క చోటే.

ఆ చోటు పట్టుకున్నది మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం, న్యూజిలాండ్ శాస్త్రవేత్తలు. 1989లో వాళ్ళు గొర్రెల్లోనే తిత్తులు పెట్టే ఇంకో బద్దెపురుగు మీద జన్యు పద్ధతిలో తయారైన టీకా ఫలితాలు నేచర్ పత్రికలో ప్రచురించారు. ఇలా తయారైన టీకా ఒక పరాన్నజీవి మీద అంత బాగా పనిచెయ్యడం అదే మొదలు. అదే దారిలో మార్షల్ లైటౌలర్స్, డేవిడ్ హీత్, వాళ్ళ సహచరులు 1996లో ఈజీ95 టీకాని ప్రకటించారు. పిల్లపురుగులోని ఒక ప్రొటీన్‌ని బాక్టీరియాలో తయారుచేసి గొర్రెకి రెండు మోతాదులుగా ఇస్తారు. ప్రయోగాల్లో 95 శాతానికి పైగా రక్షణ కనపడింది. కుక్క దగ్గర అరవై ఏళ్ళు తలబాదుకున్న పని గొర్రె దగ్గర తేలిగ్గా అయింది. ఎర్రర్ ఎక్కడ కనపడితే బగ్ అక్కడే ఉందనుకుని వెతికే అలవాటు మనకే కాదు, శాస్త్రవేత్తలకీ ఉంటుందన్నమాట.

మరి కథ సుఖాంతమా? కాదు. ఈ జబ్బు వల్ల గొర్రె పైకి పెద్దగా నీరసించదు. రైతుకి మార్కెట్లో ధర తగ్గదు. అలాంటప్పుడు టీకా డబ్బులు అతనెందుకు పెట్టాలి? ఖర్చు గొర్రెల వాడిది, లాభం ఎప్పుడో పాతికేళ్ళ తర్వాత ఆపరేషన్ తప్పించుకునే ఎవరో పిల్లాడిది. ఆ పిల్లాడికి తను తప్పించుకున్నాడని కూడా తెలీదు. 1989 నాటి టీకా మంచిదైనా రైతుల చేతికి పెద్దగా చేరకపోవడానికి కారణం ఇలాంటి లెక్కే. ఈజీ95 బతికి బట్టకట్టింది ప్రభుత్వాలు పూనుకున్నచోటే. అర్జెంటీనాలోని రియో నెగ్రో రాష్ట్రంలో 2009 నుంచి గొర్రెపిల్లలకి వేశారు. చైనా జబ్బు ఎక్కువున్న పశ్చిమ ప్రాంతాల్లో పెద్ద ఎత్తున చేపట్టింది. అక్కడ కూడా కుక్కలకి మాత్రలు ఆపలేదు, ఎందుకంటే టీకాకి ముందు పుట్టిన గొర్రెలు తిత్తులతో ఇంకా బతికే ఉంటాయి. రెండు వైపులా నొక్కి పట్టాల్సిందే.

ఇక్కడో సంగతి మనవాళ్ళకి చెప్పాలి. అదే లైటౌలర్స్ బృందం అదే సూత్రంతో పందులకి ఇంకో టీకా చేసింది. పంది బద్దెపురుగు గుడ్లు మనిషి కడుపులోకి పోతే పిల్లపురుగులు మెదడులో చేరి మూర్ఛలు తెప్పిస్తాయి. మన దేశంలో మూర్ఛలకి ఒక ముఖ్య కారణం ఇదే. కామెరూన్‌లో పందులకి ఈ టీకా వేసి, దాంతోపాటు ఒక మందు మోతాదు ఇస్తే ఒక్క పందిలో కూడా తిత్తి కనపడలేదని 2010లో ప్రచురించారు. ఆ టీకాని సిస్‌వాక్స్ పేరుతో మార్కెట్లోకి తెచ్చింది ఎవరనుకున్నారు? జాతీయ పాడి అభివృద్ధి మండలికి చెందిన ఇండియన్ ఇమ్యునొలాజికల్స్. ఎక్కడుందా? గచ్చిబౌలిలో. రోజూ మనలో ఎంతమంది ఆ దారిన ఆఫీసులకి పోతుంటారో! అంటే ఈ తరహా టీకా తయారుచేసే విద్య మన ఊళ్ళోనే ఉంది. కొరత విద్యది కాదు.

ఇప్పుడు మళ్ళీ ఆ మధ్యమాట దగ్గరికి వద్దాం. పట్టుకున్న కుక్కకి పురుగుల మందు ఒకసారి వేసి అదే వీధిలో వదిలేస్తాం. మొదటి ప్రశ్న, ఆ మందులో ప్రాజిక్వాంటెల్ ఉందా? పురుగుల మందులన్నీ బద్దెపురుగుల మీద పనిచెయ్యవు. ఉందనే అనుకుందాం. ఆ వీధి చివరే మటన్ షాపు, దాని వెనకాలే పేగులూ కార్జం ముక్కలూ పారేసే కుప్ప. పల్లెల్లోనైతే పండక్కి పొటేలుని కోసి, పనికిరాని కార్జం కుక్కకి వెయ్యడం మామూలే. ఆరు వారాలు తిరిగేసరికి ఆ కుక్క మళ్ళీ మొదటికే వస్తుంది. చెవికి ఆపరేషన్ గుర్తు ఉంటుంది, రేబిస్ రక్షణ ఉంటుంది, కడుపులో పురుగులూ ఉంటాయి. ఆపరేషన్ ఒకసారి చేస్తే చాలు, టీకాకి ఏడాది గడువుంది, పురుగుల మందుది ఒక్కరోజు పని. మూడింటినీ ఒకే వాక్యంలో రాస్తే మూడూ ఒకే రకం పనులైపోవు.

నా ఉద్దేశంలో ఈ 150 ఏళ్ళ చరిత్ర చెప్పేది ఒకటే. కుక్క కళ్ళకి కనపడుతుంది కాబట్టి అందరం కుక్క వైపే వేలు చూపిస్తాం. పురుగుని నిజంగా ఓడించిన చోట్ల గెలుపు ఎక్కువగా వచ్చింది మాత్రం కుక్క నోటికి కార్జం అందకుండా చేసినప్పుడూ, గొర్రె దగ్గర అడ్డుకట్ట వేసినప్పుడూ. కబేళాలో కోసిన ప్రతి జంతువు కార్జాన్నీ చూడడం, తిత్తులున్నదాన్ని కాల్చడమో లోతుగా పాతిపెట్టడమో చెయ్యడం, రోడ్డుపక్క కోత మానిపించడం - ఇందులో కొత్త సైన్సు ఏమీ లేదు, 1864లో ఐస్‌లాండ్ రైతుల చేతికిచ్చిన పుస్తకంలో ఉన్నదే. మనకి అలాంటి పుస్తకం తెలుగులో రాసి గొర్రెల కాపర్లకీ, మటన్ షాపులవాళ్ళకీ పంచడానికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు.

ఇంట్లో కుక్కని పెంచుకునేవాళ్ళకి రెండు మాటలు. పచ్చి కార్జం, పేగులు వెయ్యకండి, ఉడకబెట్టి పెట్టండి. పశువైద్యుణ్ణి అడిగేటప్పుడు "పురుగుల మందు వేశారా" అని కాకుండా "బద్దెపురుగులకి కూడా పనిచేసేది వేశారా, మళ్ళీ ఎప్పుడు వెయ్యాలి" అని అడగండి. కుక్కతో ఆడిన పిల్లల చేతులు కడిగించండి. ఇంతే.

ఇక వీధికుక్కల మీద వాదించుకునే రెండు పార్టీలవాళ్ళకీ ఒక ప్రశ్న. కుక్కల్ని ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఎటూ తేలేలా లేదు. అది తేలేలోపు మీ వీధి మటన్ షాపు వెనక కుప్ప ఎవరు ఎత్తుతున్నారో, ఎక్కడ పడేస్తున్నారో మున్సిపాలిటీని అడిగారా? ఈ ఒక్క విషయంలో మీ ఇద్దరికీ గొడవ ఉండాల్సిన అవసరం లేదు.